దీపం పెట్టాక ఇనుము ఇవ్వని ఇల్లు

మొన్న వరంగల్ వెళ్లినప్పుడు మా పాత గల్లీ పిల్లలు నన్ను పట్టుకున్నారు. పిల్లలంటే ముప్పై దాటినవాళ్లే, నా తల నెరిశాక నాకు అందరూ పిల్లల్లాగే కనిపిస్తున్నారు. గల్లీ నడుమ ఉన్న పెద్దబావికి ఇనుప జాలీ బిగించారు. చుట్టూ ఉన్న గోడకు బతుకమ్మ బొమ్మ ఒకటి, పీరు బొమ్మ ఒకటి వేయించారు. కూర్చోడానికి సిమెంటు బెంచీలు పెట్టారు. "అప్పట్ల అన్ని కులాలోళ్లు, ముస్లింలు కలిసి ఈ బాయిని మల్ల బతికిచ్చిన్రంట కదా మేడమ్, మైకుల జర చెప్పుండ్రి" అన్నారు. చెప్పాను. మా బాపు గల్లీ అంతా తిరిగి ఇంటికో మనిషిని ఎట్లా కూడగట్టాడో, పూడిక ఎట్లా తీశారో చెప్తే చప్పట్లు కొట్టి, శాలువా కప్పి, మిర్చి బజ్జీలు పెట్టారు. ఆటోలో హనుమకొండకు తిరిగి వస్తుంటే ఆ శాలువా ఒంటిమీద బరువుగా అనిపించింది. నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ ఆ బావి అసలు ఎందుకు పాడుబడిందో, గల్లీ మళ్లీ కలవడానికి ఒకామె ఏం దాచిపెట్టిందో మాత్రం చెప్పలేదు. ఆ ముచ్చట తెలిసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

మాది కిరాణా దుకాణం ఇల్లు. ముందు దుకాణం, వెనక ఇల్లు, ఆ రెంటి మధ్య గడపమీద బాపమ్మ. బాపమ్మ అంటే మా బాపు తల్లి. గల్లీ పైకొసన మాలాంటి కోమటి ఇళ్లు కొన్ని, ఒక మార్వాడీ బట్టల వ్యాపారి ఇల్లు, రైల్వేలో పనిచేసే అరవాయన ఇల్లు ఉండేవి. కింది కొసన జంపఖానాలు నేసే పద్మశాలీలు, వాళ్ల గోడలకు ఆనుకునే గిన్నెలకు కలాయి పూసే ముస్లింల ఇళ్లు. పొద్దున బడికి పోతూ కళ్లు మూసుకున్నా ఎక్కడున్నానో ముక్కే చెప్పేది. మా ఇంటి దగ్గర బెల్లం, ఎండుమిర్చి, కిరసనాయిలు కలిసిన వాసన. అరవాయన కిటికీ కింద కాఫీ. కిందికి దిగుతుంటే నూలుకు పట్టించే గంజి పులుపు, ఆ తర్వాత కలాయి కొలిమిలో నవసాగరం పొగ, ముక్కుపుటాలు మండేట్టు. ఈ రెండు కొసలకూ సరిగ్గా నడుమ పెద్దబావి. దాని గద్దెమీదే బతుకమ్మ ఆడేవారు. మొహర్రంలో పీర్లు ఊరేగి వచ్చినప్పుడు అక్కడే ఆగేవి, రెండు కొసల ఆడవాళ్లూ బిందెలతో వాటి ముందు నీళ్లు సాక పోసేవారు. పొద్దునా సాయంత్రం గిరక చప్పుడు ఆగేది కాదు, దాంతోపాటు ఆడవాళ్ల కొట్లాటలూ ఆగేవి కావు.

బాపమ్మ మధ్యాహ్నం పూట అరుగుమీద కూర్చుని పత్తి విడదీసి వత్తులు చేసేది. ఆమె చేతులు ఖాళీగా ఉండగా నేను చూడలేదు. నోరు కూడా అంతే. సాయంత్రం ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, తులసి దగ్గరా దేవుని గూట్లోనూ దీపం ముట్టించేది. అక్కడినుంచి ఇంట్లో ఆమె చట్టం మొదలు. దీపం పెట్టాక ఉప్పు బయటికి పోవద్దు. చల్ల పోవద్దు. అన్నిటికన్నా ముఖ్యంగా ఇనుము పోవద్దు. దుకాణంలో సూది కూడా అమ్మనిచ్చేది కాదు. "సూదే కదనే అమ్మా, గిరాకీ మర్లిపోతాండు" అని బాపు గొణిగితే, "లచ్చిమి మర్లిపోతె ఏం జేస్తవురా" అని కసిరేది. శుక్రవారమైతే చెప్పనే అక్కర్లేదు. ఇది మా ఇంటి పిచ్చి అనుకునేరు. గల్లీలో సగం ఇళ్లకు ఇదే పట్టింపు. సాయంత్రం తర్వాత సూది అడగడం మర్యాద కాదని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

గల్లీ మొత్తానికి పాతాళగరిగె ఒక్క మా ఇంట్లోనే ఉండేది. ఇనుప కడియానికి చుట్టూ వేలాడే వంకర కొక్కేలు, దానికి పొడుగాటి తాడు. బావిలో బిందె జారిందంటే ఎవరైనా మా గడప తొక్కాల్సిందే. బాపమ్మ తేరగా ఇచ్చేది కాదు, ఒక చెంబో గిన్నెనో కుదువ పెట్టించుకునేది. గరిగె తిరిగొచ్చాక గిన్నె వాపసు. ఆ గిన్నెలు తెచ్చినవాళ్లందరి సంగతులూ అరుగుమీదే అడిగి తెలుసుకునేది. ఎవరి కోడలు నీళ్లోసుకుందో, ఎవరి మగ్గం ఆగిందో ఆమెకు తెలిసినట్టు ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఇనుపముక్క వల్లనే ఆమె గల్లీకి పెద్దదిక్కు అయ్యిందేమో అని ఇప్పుడనిపిస్తుంది.

ఆ శుక్రవారం నేను అరుగుమీద ఎక్కాలు రాసుకుంటున్నాను. నడి ఎండాకాలం. లోపల బాపమ్మ అప్పుడే దీపం పెట్టి బయటికి వచ్చింది. కింది కొసనుంచి నర్సవ్వ వచ్చింది, కొంగు తడిసి ఉంది. నర్సవ్వ జంపఖానాలు నేసే రాజయ్య భార్య.

"అవ్వా, బిందె జారి బాయిల పడ్డది. మా ఆడిబిడ్డది. పొద్దుగాల్నే పాలకుర్తి బస్సుకు పోతది ఆమె. గరిగె ఇస్తవా జర?"

"శుక్రారమే నర్సవ్వా. దీపం గుడ ముట్టిచ్చిన. పొద్దుగాల రా, ఇస్త."

నర్సవ్వ నాలిక కరుచుకుంది. "అయ్యో, నిజమే అవ్వా. నాకు సోయి లేకపాయె" అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అంతే. ఒకరిమీద ఒకరికి కోపం లేదు. ఆమె గడప దిగడం, బాపమ్మ మళ్లీ పత్తి అందుకోవడం, నేను ఎక్కం దగ్గరికి పోవడం, అన్నీ రోజూ జరిగేవే.

ఆ తర్వాత జరిగింది మాకు అరుపులతో తెలిసింది. బావి దగ్గర దిగాలుగా నిలబడ్డ నర్సవ్వను కలాయి పనినుంచి వస్తున్న యాకూబ్ చూశాడు. ఖాదర్‌బీ ఒక్కగానొక్క కొడుకు అతను, మీసం అప్పుడప్పుడే గట్టిపడుతోంది. "దానికెందుకు ఫికర్ అక్కా, నీళ్లు అడుగుకే ఉన్నయి, దిగి తీస్త" అని గోడ గూళ్లు పట్టుకుని దిగాడు. అడుగుకు చేరిన చప్పుడు లేదు, పిలిస్తే పలుకు లేదు. నర్సవ్వ కేక విని రాజయ్య మగ్గం గుంతలోంచి లేచి పరుగెత్తుకొచ్చి, పిల్లగాడు జారిపడ్డాడనుకుని తనూ దిగాడు. ఇద్దరూ పైకి రాలేదు. అప్పుడు జనం మా ఇంటికి పరుగెత్తుకొచ్చారు, గరిగె కోసం. బాపమ్మ దూలానికి వేలాడే గరిగె తీసి వాళ్ల చేతిలో పెట్టింది. తులసి దగ్గర దీపం వెలుగుతూనే ఉంది. బిందె తీయడానికి గడప దాటని ఇనుము మనుషులను తీయడానికి దాటింది. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

మర్నాడు ఎవరో గరిగెను కడిగి మా అరుగుమీద పెట్టి పోయారు. బాపమ్మ దాన్ని మళ్లీ లోపలికి తేలేదు. బయటి గోడకు మేకు కొట్టించి వేలాడదీసింది, అక్కడే తుప్పు పట్టింది. కుదువ గిన్నెతో ఎవరూ రాలేదు. 'ఎవరికీ చెప్పకు' అని ఆమె నాతో ఏనాడూ అనలేదు. కానీ అప్పటినుంచి నేను అరుగుమీద కూర్చుంటే తను లోపలికి పోయేది. ఆమె నన్ను చూసి భయపడుతోందని నాకు అర్థమైన రోజు నాకే భయమేసింది.

చావు రెండు ఇళ్లలో జరిగింది, పాడుబడింది మాత్రం గల్లీ మొత్తం. రాజయ్య తాగి దిగి పిల్లగాడి మీద పడ్డాడని కలాయి ఇళ్లవాళ్లు అన్నారు. యాకూబే రాజయ్య కాలు పట్టి గుంజాడని నేతవాళ్లు అన్నారు. ఒకే గోడకు అటూ ఇటూ కాపురముంటూ ఖాదర్‌బీ, నర్సవ్వ మాటలు మానేశారు. తిట్లు మాత్రం మానలేదు. పొద్దున వాకిలి ఊడ్చేటప్పుడు ఇద్దరూ గోడను చూస్తూ ఒకరినొకరు శపించుకునేవారు. బావిని ఏదో పట్టుకుందన్నారు. మిట్టమధ్యాహ్నం గాలి లేకుండానే గిరక తిరుగుతుందన్నారు, నేనూ ఆ చప్పుడు విన్నాననే ఇప్పటికీ నమ్ముతాను. ఎండ నడినెత్తికి వచ్చే వేళ ఖాదర్‌బీ గద్దె దగ్గరికి వచ్చి లోపలికి వంగి, "యాకూబ్, రోటీ తయార్ హై, ఆజా బేటా" అని పిలిచి కాసేపు నిలబడి వెళ్లిపోయేది. ఆ పిలుపు వినపడగానే ఇళ్లలో తలుపులు వేసుకునేవారు. బతుకమ్మ పక్క గల్లీకి పోయింది. పీర్లు దారి మార్చుకున్నాయి. అరవాయన కాజీపేటకు ఇల్లు మార్చాడు. బావిలో చెత్త పోయడం మొదలైంది, మొదట ఆకులు, తర్వాత అన్నీ.

నేను హనుమకొండ కాలేజీలో చేరిన సంవత్సరం వానలు పడలేదు. నల్లా ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినా సన్నటి ధార, దానికోసం జుట్లు పట్టుకోవడాలు. సరిగ్గా అప్పుడే బావిని పూడ్చేస్తామని మున్సిపాలిటీ నుంచి రాళ్లూ మట్టీ నింపిన ట్రాక్టర్ వచ్చింది. ఖాదర్‌బీ దాని ముందు అడ్డంగా కూర్చుంది. "నా బచ్చా పానం పోయిన జాగ ఇది. దాని మీద కచరా పోస్తరా? ముందు నా మీద పొయ్యండ్రి" అంది. దుకాణంలోంచి చూస్తున్న మా బాపు తక్కెడ వదిలేసి వెళ్లి ట్రాక్టర్‌ను వెనక్కి పంపించాడు. బాపు ఎవరిమీదా గొంతు లేపే మనిషి కాదు. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "బాయి సాఫ్ చేద్దాం. మనమే, గల్లోళ్లమే" అన్నాడు.

"పూడ్వనియ్యిరా. పీడ పోతది" అంది బాపమ్మ.

"పీడ పూడిస్తె పోదమ్మా. నీళ్లొస్తె పోతది."

"ఆ బాయి మొకం చూస్తె నా మీద ఒట్టే!"

తల్లికి ఎదురుచెప్పని బాపు ఆ ఒట్టును లెక్కచేయలేదు. ఆమె కంచం ముందు నుంచి లేచిపోయింది. దయ్యానికి భయపడుతోంది పాపం ముసలమ్మ అని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. బావి తెరిస్తే ఆ శుక్రవారం కూడా తెరుచుకుంటుందని, అప్పుడు ఖాదర్‌బీ ముఖం ఎట్లా చూడాలా అని ఆమె వణికిపోతోందని నాకు తెలుసు. నేను పెరుగన్నం కలుపుకుంటూ కూర్చున్నాను.

బాపు ఇల్లిల్లూ తిరిగాడు. "వాళ్లొస్తె మేం రాం" అని రెండు కొసలా అదే జవాబు. చివరికి ఒకటే మాట పెట్టాడు. ఇంటికో మనిషి రావాలి, మనిషిని ఇవ్వని ఇంటికి బావిలో చేదే హక్కు లేదు. దాహం ముందు పౌరుషాలు మెత్తబడ్డాయి. మగదిక్కు లేని ఇళ్లు రెండే. వాళ్లను వదిలేద్దామని అందరూ అన్నారు. ఖాదర్‌బీ ఒప్పుకోలేదు. ఆమె వస్తోందని తెలిసి నర్సవ్వా ఒప్పుకోలేదు. ఆదివారం పొద్దున ఇద్దరూ కొంగులు నడుముకు చుట్టి, బావికి చెరొక దిక్కున వచ్చి నిలబడ్డారు. మార్వాడీ సేటు మోకులు ఇచ్చాడు. మండి నుంచి హమాలీలు గంపలు తెచ్చారు.

మనిషిని దించేముందు బాపు కందిలి వెలిగించి తాడుకు కట్టి దించాడు. ఊళ్లలో బావి పని తెలిసినవాళ్లు ఎవరైనా ముందు చేసేది అదే. కందిలి గోడల నాచును చూపిస్తూ దిగింది. నడిమికి పోయిందో లేదో గుప్పున ఆరిపోయింది. "దయ్యం ఊదింది!" అని ఎవరో అరిచారు, జనం గద్దె దిగి పరుగెత్తారు. బాపు పైకి లాగి మళ్లీ వెలిగించి దించాడు. సరిగ్గా అక్కడికే వచ్చి మళ్లీ ఆరిపోయింది. "దయ్యం కాదు, కింద గాలి చెడిపోయింది. దీపానికి ఆడని గాలి మనిషికి ఆడుతదా" అన్నాడు. అంతవరకూ రాయిలా నిలబడ్డ ఖాదర్‌బీ అతని దగ్గరికి వచ్చింది. "భయ్యా, ఇంకొక్కసారి చూపియ్యి" అంది. నర్సవ్వా ఇటుపక్కకు వచ్చింది. ఇద్దరూ పక్కపక్కనే వంగి చూశారు. వెలుగు దిగింది, వణికింది, పోయింది.

"అంటే నా కొడుకును ఎవ్వలు తొక్కలే" అంది ఖాదర్‌బీ.

"మా ఆయిన తాగలే ఖాదర్‌బీ. తాగి దిగలే" అంది నర్సవ్వ. ఆ మాట అంటూనే గద్దెమీద కూలబడి ఏడ్చింది. ఖాదర్‌బీ ఆమె పక్కన కూర్చుంది. తర్వాత మామూలు గొంతుతోనే, ఎవరైనా ఎప్పుడో అడగాల్సిన మాట అడిగింది. "నర్సవ్వా, సావుకార్ల ఇంట్ల గరిగె ఉండె గద. నా కొడుకు ఎందుకు దిగాల్సొచ్చె?"

మా ఇంటి అరుగు అక్కడికి కనపడుతుంది. బాపమ్మ అక్కడే ఉంది. ఒళ్లో పత్తి ఉంది, చేతులు ఆగిపోయాయి. నర్సవ్వ తలెత్తి అటు చూసింది. నర్సవ్వ కళ్లు తుడుచుకుంది.

"నేను అడుగనే లేదు ఖాదర్‌బీ. నాకు యాదికే రాలే. నాదే తెలివితక్కువ."

ఖాదర్‌బీ ఆమె తలను తన భుజానికి ఆనించుకుంది. ఆ తర్వాత బాపు వేపకొమ్మలు మోకుకు కట్టించి, గాలి మారేదాకా బావిలో పైకీ కిందికీ ఆడించమన్నాడు. మొదటి మోకు పట్టుకున్నది వాళ్లిద్దరే. వాళ్లను చూసి మిగతావాళ్లు ఒక్కొక్కరే గద్దె ఎక్కారు. కందిలి అడుగుదాకా పోయి వెలుగుతూ నిలిచాక హమాలీలు దిగారు. వారం పైనే పట్టింది పూడిక తీయడానికి. చెప్పులు, నేతవాళ్ల నాడెలు, సొట్టపోయిన బిందెలు ఎన్నో వచ్చాయి. వాటిలో ఆ బిందె ఉందా అని ఎవరూ అడగలేదు. ఊట తెల్లగా ఎగదన్నిన రోజున సేటు భార్య అందరికీ లడ్డూలు పంచింది. ఆ ఏడు బతుకమ్మ వెనక్కి వచ్చింది. పీర్లు పాత దారిలో వచ్చి ఆగితే ఖాదర్‌బీ, నర్సవ్వ ఒకే బిందె పట్టుకుని సాక పోశారు. ఖాళీ ఇళ్లకు కిరాయిదార్లు వచ్చారు. గల్లీ మళ్లీ గల్లీలా కొట్లాడుకోవడం మొదలుపెట్టింది. మైకులో నేను చెప్పింది ఇంతవరకే.

ఒక మధ్యాహ్నం బాపమ్మ నన్ను వెంటబెట్టుకుని నర్సవ్వ ఇంటికి వెళ్లింది. అంతకుముందు ఆమె కింది కొసకు నడిచి వెళ్లగా నేను చూడలేదు. నర్సవ్వ జంపఖానా పరిచింది, ఆమె కూర్చోలేదు.

"ఎందుకు చెప్పలేదే?"

"చెప్తె ఏమొస్తది అవ్వా. నేనూ ఖాదర్‌బీ తిట్టుకోనన్న తిట్టుకున్నం ఇన్నేండ్లు. నిన్నైతె తిట్టెటోళ్లు గుడ ఉండకపోదురు. అందరు మొకం తిప్పుకపోదురు." జంపఖానా కొస సర్దుతూ, "దీపం పెట్టినంక నువ్వొచ్చి నన్ను సూది అడిగితె, నేను గుడ ఇయ్యకపోదును" అంది.

"నువ్వియ్యకుంటె ఒక బట్ట చినిగి ఉండేది, నర్సవ్వా" అంది బాపమ్మ.

తిరిగి వచ్చేటప్పుడు బాపమ్మ నా చేయి పట్టుకుంది. అన్నేళ్ల తర్వాత మొదటిసారి.

ఇప్పుడు ఆ గల్లీలో అర్ధరాత్రి సూది కావాలన్నా ఫోన్‌లో నొక్కితే పొద్దున్నే వస్తుంది. తాగే నీళ్లు డబ్బాల్లో వస్తాయి. బావి నీళ్లు జాలీ కింద పచ్చగా ఉన్నాయి, ఎవరూ చేదరు, ఫోటోలు దిగుతారు. రంగులు వేసిన పిల్లలను నేను తప్పుపట్టను, వాళ్లకున్న ప్రేమ నిజమే. కానీ పక్కింటామె పేరు ఏమిటని ఒక పిల్లను అడిగితే గ్రూపులో చూసి చెప్తానంది. పేరు పెట్టి శపించుకునేంత దగ్గరగా బతికిన ఇద్దరాడవాళ్లు నాకు గుర్తొచ్చారు. వాళ్లున్న ఆనాటి గల్లీకి పోవాలని నాకు బలంగా ఉంటుంది. పోతే అక్కడ బాపమ్మ కూడా ఉంటుంది, అదే నా భయం.

బావి బాగుపడ్డాక గల్లీ అంతా ఆ నీళ్లే తాగింది, ఒక్క బాపమ్మ తప్ప. ఆమెకు మాత్రం నల్లా నీళ్లు వేరే కుండలో పట్టి ఉంచాలి. "బాయి నీళ్లు నాకు ఉప్పగుంటయి" అనేది. ఆ నీళ్లు తియ్యగా ఉంటాయని ఊరంతా చెప్పుకునేది. బాపు నవ్వి ఊరుకునేవాడు.

ఆమె మంచాన పడ్డ ఆఖరి రోజున, పొద్దు వాలుతుండగా, ఖాదర్‌బీ, నర్సవ్వ ఇద్దరూ వచ్చి చెరోపక్క కూర్చున్నారు. బాపమ్మ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఖాదర్‌బీ తను చేదుకొచ్చిన నీళ్ల చెంబు తీసి, చెంచాతో ఆమె నోట్లో పోయబోయింది. బాపమ్మ కళ్లు తెరిచింది.

"ఏం నీళ్లు?"

"మన బాయి నీళ్లే అమ్మా. తియ్యగుంటయి, తాగు."

బాపమ్మ ఖాదర్‌బీ ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పెదవులు బిగించింది. నీళ్లు నోటి కొసనుంచి జారి దిండు తడిసింది. ఖాదర్‌బీ తన కొంగుతో ఆమె గదవ మెత్తగా తుడిచి, "పానం బాగలేదు గద, మల్ల తాగుతది" అని మాతో అంది. నర్సవ్వ నన్ను చూడలేదు. నేను నర్సవ్వను చూడలేదు.